జపమాల పూసకు పది సెకన్లు

మా పిన్ని కూతురు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తుంది. ఈ మధ్య రాత్రిళ్లు ఉన్నట్టుండి గుండె దడ, వేళ్లు తిమ్మిర్లు, ఊపిరి ఆగిపోతుందేమో అన్నంత భయం. డాక్టరు పానిక్ అటాక్ అని చెప్పి, మందు రాసి, కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఊపిరి నెమ్మదిగా, నిమిషానికి ఆరుసార్లు తీసుకోమని కౌన్సెలర్ నేర్పారు. గుంటూరు నుంచి పిన్నేమో జపమాల, అంటే పూసలు లెక్కపెడుతూ మరియమ్మకు చేసే ప్రార్థన, చెప్పుకోమంది. మొన్న ఆదివారం శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాలో పూజ అయ్యి బయటికొస్తుంటే నన్ను అడిగింది: "అన్నయ్యా, జపమాల చెప్తే దడ తగ్గుతోంది. అది ప్రార్థన వల్లా, ఊపిరి వల్లా? ఊపిరి వల్లే అయితే నాది విశ్వాసం కాదా?"

ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయంలో లూచానో బెర్నార్డి బృందం సరిగ్గా జపమాలనే పరీక్షించింది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 23 మంది చేత మరియమ్మ జపాన్ని లాటిన్‌లో చెప్పించారు, 'ఓం మణి పద్మే హుం' మంత్రాన్నీ చెప్పించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది.

ఎందుకు ఆరే? జపమాల ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు కదా. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని ఒకరు సగం చెప్తారు, "పరిశుద్ధ మరియమ్మా" అని మిగతావాళ్లు రెండో సగం అందుకుంటారు. మాట్లాడేటప్పుడు ఊపిరి వదులుతాం, అవతలివాళ్లు చెప్తున్నంతసేపూ పీల్చుకుంటాం. లాటిన్‌లో ఒక పూస, అంటే ఒక మరియమ్మ జపం, పూర్తి కావడానికి సుమారు పది సెకన్లు పడుతుంది. మన రక్తపోటులోనూ పది సెకన్లకోసారి లేచి పడే అలలున్నాయి, వాటిని మేయర్ తరంగాలు అంటారు. మెడలోని కరోటిడ్ ధమని దగ్గర, గుండె పైనున్న మహాధమని వంపులో బేరోరిసెప్టర్లు, అంటే రక్తపోటును కనిపెట్టే నాడి కొసలు, ఉంటాయి. బీపీ పెరిగి ధమని గోడ సాగితే అవి మెదడుకు చెప్తాయి, మెదడు వేగస్ నాడి ద్వారా గుండెను నెమ్మదింపజేస్తుంది, అప్పుడు బీపీ దిగుతుంది, గుండె మళ్లీ వేగం పుంజుకుంటుంది. ఈ చుట్టు తిరగడానికి పట్టేదీ దాదాపు పది సెకన్లే. పైగా ఊపిరి పీలిస్తే గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది.

ఇప్పుడు ఉయ్యాల ఊపడం గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాల మన దగ్గరికొచ్చి వెనుదిరిగే క్షణంలో తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది, మధ్యలో తోస్తే తడబడుతుంది. నిమిషానికి పదిహేనుసార్లు పీల్చే ఊపిరి అలా మధ్యలో తోసే చెయ్యి. పది సెకన్లకోసారి పీల్చే ఊపిరి సరైన క్షణంలో తోసే చెయ్యి. బెర్నార్డి బృందం కొలిచింది ఈ ఊపునే: బీపీ ఒక మిల్లీమీటరు పెరిగితే రెండు గుండె చప్పుళ్ల మధ్య ఎడం ఎన్ని మిల్లీసెకన్లు పెరుగుతుందన్న లెక్క, మామూలు ఊపిరిలో 9.5 ఉన్నది జపమాలతో 11.5కి వెళ్లింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పదహారో శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ తన 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకంలో, పరలోక ప్రార్థనను ఊపిరికి ఒక్కో మాట చొప్పున చెప్పుకొనే పద్ధతి రాశాడు. ఆయన దగ్గర బీపీ మిషన్ లేదు!

మరియమ్మ విన్నదా లేదా అన్నది ఆ యంత్రం కొలవలేదు, అది దాని పనీ కాదు. నోటితో చేసే ప్రార్థనకు ఊపిరి కావాలి, ఆ ఊపిరి గుండెను తాకినంత మాత్రాన ప్రార్థన తక్కువైపోదని మా చెల్లితో చెప్పాను. మందు మానొద్దని ఇంకా గట్టిగా చెప్పాను, ఎందుకంటే దిగులూ భయమూ దయ్యం పని, విశ్వాసం తక్కువైతే వస్తాయి అనేవాళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు, ఆ మాట విని మందు ఆపేసినవాళ్లను నేను చూశాను, నాకు చాలా బాధ. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని ఇక చచ్చిపోతానన్నప్పుడు దేవదూత విశ్వాసం లేదని తిట్టలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, ఆయన తిని మళ్లీ పడుకున్నాడు.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు తల్లీ కూతుళ్లు ఫోన్‌లో జపమాల చెప్పుకుంటున్నారు, పిన్ని మొదటి సగం, చెల్లి రెండో సగం. నిన్న పక్కన కూర్చుని గడియారం చూశాను. తెలుగులో పూసకు పదమూడు సెకన్లు పట్టింది. పిన్నికి నిద్ర ముంచుకొచ్చి వేగం పెంచాక, పది.