"లైట్ డ్యూటీ" అని రాయించుకొస్తే సరిపోదు

విశాఖ ఆటోనగర్ నుంచి వచ్చినా, దువ్వాడ సెజ్ నుంచి వచ్చినా జేబులో చీటీ మాత్రం ఒకటే: "షుగర్, బీపీ. లైట్ డ్యూటీ ఇవ్వగలరు." సూపర్‌వైజర్ లెక్కలో లైట్ డ్యూటీ అంటే ప్యాకింగ్ టేబుల్ దగ్గర ఎనిమిది గంటలు నిలబడటం. మనిషికి కావలసింది వేళకు తిండి. తప్పు ఇద్దరిదీ కాదు, చీటీది.

అపోహ: సదుపాయం అడగాలంటే జబ్బు పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పాలి.

అక్కర్లేదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అన్నీ చెప్పాల్సి వస్తుందేమోనని అసలే చెప్పరు, షిఫ్టులో పడిపోయాక అందరికీ తెలుస్తుంది. డాక్టర్ చేత నాలుగు ముక్కలు రాయించండి: ఏం చేయగలరు, ఏం చేయకూడదు, బదులుగా ఏం కావాలి, ఎన్నాళ్లు. ఇన్సులిన్ తీసుకునే మనిషికైతే ఇలా: "మూడు గంటలకోసారి తినడానికి విరామం ఇవ్వాలి. మూడు నెలలు సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) వద్దు. తర్వాత మళ్లీ చూస్తాం." రిపోర్టులో అంకెలు హెచ్ఆర్‌కెందుకు? గడువు మాత్రం ఉండాలి. అది లేకపోతే "ఇక ఎప్పటికీ ఇంతేనా" అని వాళ్లు జంకుతారు.

విరామం ఎన్ని నిమిషాలో మీ పనిని బట్టి లెక్కేసుకోండి. మందుల కంపెనీల్లో దుమ్ము, క్రిములు చొరకుండా ఉంచే క్లీన్ రూములోకి తిండి రానివ్వరు. గౌను విప్పి, తిని, మళ్లీ తొడుక్కోవాలంటే పది నిమిషాలు ఏ మూలకి? ఇరవై అడగండి.

డాక్టర్ రాసిన ఆ ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. నోటిమాటను నమ్ముకుంటే, సూపర్‌వైజర్ మారగానే కథ మొదటికి.

"చెప్తే తీసేస్తారేమో సార్" అనే భయాన్ని కొట్టిపారేయలేం. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉన్నవి 21 రకాలే, మామూలు షుగర్, బీపీ అందులో లేవు. మీది ఉంటే, 20 మందికి తగ్గని ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసిపెట్టాలి. దాని కాపీ అడగండి. 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ లేనిదే నోరెత్తకూడదన్నది వట్టి పుకారు, ఆ అంకె రిజర్వేషన్ల వంటి వాటికి. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగం అనడాన్ని 2017 చట్టం నిషేధించింది.

నెల జీతం 21,000 లోపుండి, ఉద్యోగుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ కడుతున్నవాళ్లు, అర్హత రోజులు నిండితే, ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనంతో సెలవు పొందొచ్చు. అది వదులుకుని ఒంట్లో బాగోకపోయినా డ్యూటీకెళ్లే వాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఒక్క చోట దాపరికం పనికిరాదు. ఫిట్స్ ఉంటే క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్, ఎత్తు మీద పని ఒప్పుకోకండి, ముందే చెప్పండి. నిద్ర చాలకపోతే ఫిట్స్ రావచ్చు కాబట్టి నైట్ షిఫ్టు మాటా రాయించండి.

ఇన్సులిన్ వాడేవాళ్లు పక్క మిషన్ మీదున్న ఒక్కరికైనా గ్లూకోజ్ డబ్బా ఎక్కడుందో చూపించండి. షుగర్ 70 కిందికి పడితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి, అంటే మూడు టీ చెంచాల పంచదారంత. 15 నిమిషాలయ్యాక మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమనండి.