లేని జబ్బు, ఉన్న దిగులు: సెల్ఫీల వెనుక కథ

"రోజుకు మూడు సెల్ఫీలు దిగితే మానసిక జబ్బు ఉన్నట్టే" అనే మెసేజ్ మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఆ జబ్బు పేరు సెల్ఫైటిస్. అమెరికాలోని మానసిక వైద్యుల సంఘం, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, దీన్ని గుర్తించిందని 2014లో అడోబో క్రానికల్స్ అనే ఉత్తుత్తి వార్తల సైట్ రాసింది. ఆ సంఘం అలాంటిదేమీ చెప్పలేదు. అయినా వార్త ప్రపంచమంతా పాకింది.

విచిత్రమేమిటంటే, ఆ అబద్ధమే నిజమైన పరిశోధనకు దారి తీసింది. మదురైలోని త్యాగరాజర్ మేనేజ్‌మెంట్ స్కూల్‌కు చెందిన జనార్దనన్ బాలకృష్ణన్, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీకి చెందిన మార్క్ గ్రిఫిత్స్ కలిసి, సెల్ఫీల అలవాటును కొలిచే ప్రశ్నల పట్టికను 2017లో ప్రచురించారు. 400 మందిని అడిగి చూశారు. మూడ్ బాగుచేసుకోవడం, నలుగురి కంట్లో పడడం, తోటివాళ్లతో పోటీ వంటి కారణాలు తేలాయి. కానీ ఎన్ని దిగుతున్నారన్నది కాదు, దిగాక ఏమవుతోందన్నదే అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది.

తన ఫోటో తానే తీసుకోవడం కొత్తేమీ కాదు. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ 1839లోనే తీసుకున్నాడు. సెల్ఫీ అనే మాట 2002లో ఆస్ట్రేలియాలో కనిపించింది. 2010లో ఐఫోన్‌కు ముందువైపు కెమెరా, అదే ఏడాది ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి. 2013కల్లా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సెల్ఫీని ఆ ఏటి మాటగా ఎంచుకుంది.

ముఖాన్ని దిద్దడమూ పాతదే. మన ఫోటో స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు కప్పేసేవారు. అయితే అది పెళ్లిచూపులకు పంపే ఒక్క ఫోటోకు. ఇప్పుడు పొద్దున లేచిన దగ్గర్నుంచి అదే పని.

మొన్న ఒక పెళ్లిలో మా మేనకోడల్ని ఫోటో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అత్తా, నీ ఫోన్‌లో వద్దు, నల్లగా వస్తా." తన ఫోన్‌లో తీసుకుని, చూసుకుని, డిలీట్ చేసి మళ్లీ తీసుకుంది. అలా పదిసార్లు. దాని వయసు పదిహేను.

నిజానికి మోసం కెమెరాలోనే ఉంది. అడుగు దూరం నుంచి తీస్తే, ఐదడుగుల నుంచి తీసినప్పటికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. అదే ఏడాది టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం జరిగింది. సెల్ఫీ తీసుకుని పోస్ట్ చేసిన అమ్మాయిల్లో టెన్షన్ పెరిగింది, తాము అందంగా లేమన్న భావన ఎక్కువైంది. ఫోటోను దిద్దుకునే వీలిచ్చినా ఆ బాధ పోలేదు. నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఇదే.

మన దేశంలో పత్రికలు ఎక్కువగా రాసింది సెల్ఫీ చావుల గురించి. రైలు పట్టాల మీద, జలపాతాల దగ్గర పోయిన ప్రాణాలు చిన్న విషయం కాదు. కానీ అద్దం ముందు చప్పుడు లేకుండా జరిగేది వార్త కాలేదు. శరీరం గురించి అప్పటికే దిగులున్న టీనేజ్ అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులు ఇంకా పెంచుతోందని దాని యజమాని ఫేస్‌బుక్ సొంత పరిశోధకులే తేల్చారు. ఆ కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ ఆ కాగితాలు 2021లో బయటపెట్టాకే అది లోకానికి తెలిసింది.

ఇంటికొచ్చాక మా మేనకోడలి ఫోన్ తీసుకుని చూశాను. ముఖాన్ని ఫోనే దిద్దేసే బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంది. ఎప్పుడు పెట్టావే అని అడిగితే, "నేను పెట్టలేదత్తా, కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది" అంది.