రొయ్యలో దాగిన మందు, కండరంలో దాగిన భాస్వరం

భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల ఎగుమతికి పెంచిన రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చిందంటే, ముందు ఒక శాంపిల్ ల్యాబ్‌కు వెళ్తుంది. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన రోజు నుంచి నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పి, మేత కొలిచి, రాత్రిళ్లు గట్టు మీదే కాపలా ఉండి పెంచిన పంట అంతా ఆ రిపోర్టు మీద ఆధారపడుతుంది. కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) బాగుంది, రేటు కుదిరింది. కానీ రిపోర్టులో నైట్రోఫ్యురాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం ఉందని వస్తే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. అప్పుడు రైతు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: "మందు ఆపేసి నెల దాటిందండీ, ఇంకా ఎలా ఉంటుంది?" అసలు ఆ మందు పేరే వినలేదనేవాళ్లూ ఉంటారు. లోపల ఏముందో రాయని డబ్బాలు, పొడులు చెరువుల దగ్గరకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి వాళ్ల మాటనూ కొట్టిపారేయలేం.

ప్రశ్న న్యాయమైనదే. ఫ్యురజోలిడోన్ లాంటి నైట్రోఫ్యురాన్ మందు రొయ్య ఒంట్లోకి వెళ్లాక కొద్ది గంటల్లోనే విరిగిపోతుంది. ఆ తర్వాత మందు కోసం వెతికితే దొరకదు. అయితే విరిగిన ముక్కల్లో ఒకటి కండలోని ప్రొటీన్లకు గట్టిగా అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. ల్యాబ్ వెతికేది ఆ ముక్క కోసమే. రొయ్య మాంసాన్ని మెత్తగా చేసి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, మన ఒంటి వేడికి దగ్గరగా 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. ఆమ్లం మెల్లగా ఆ ముక్కను ప్రొటీన్ నుంచి విడదీస్తుంది. అది మరీ చిన్న అణువు, అలాగే వదిలేస్తే యంత్రానికి సరిగా చిక్కదు. అందుకని అదే గొట్టంలో నైట్రోబెంజాల్డిహైడ్ అనే ఇంకో పదార్థం వేసి దానికి తగిలిస్తారు. బరువు పెరుగుతుంది, గుర్తుపట్టడం తేలికవుతుంది.

ఇక మాస్ స్పెక్ట్రోమీటర్ పని. ద్రవాన్ని సన్నని గొట్టం గుండా పంపి అందులోని పదార్థాలను ఒకదాని వెనక ఒకటి వేరుచేస్తారు. వచ్చిన అణువుకు విద్యుదావేశం ఎక్కించి బరువు చూస్తారు, తర్వాత దాన్ని విరగ్గొట్టి ముక్కల బరువులూ చూస్తారు. ఒకే బరువున్న అణువులు చాలానే ఉంటాయి. అదే సమయానికి గొట్టం దాటి, అదే బరువుండి, అవే ముక్కలుగా విరిగే వేరే అణువు తగలడం మాత్రం చాలా అరుదు. ఐరోపా సమాఖ్య 2022 నవంబరు నుంచి ఈ అవశేషాల విషయంలో చర్య తీసుకునే స్థాయిని కిలోకు 0.5 మైక్రోగ్రాములుగా పెట్టింది. అంతకుముందు ఇది 1 మైక్రోగ్రాము. లెక్క వేస్తే రెండు వేల టన్నుల రొయ్యలో ఒక్క గ్రాము. ద్రవంలో ఉన్న అణువులను చెడకుండా సన్నని తుంపరగా యంత్రంలోకి పంపే ఎలక్ట్రోస్ప్రే పద్ధతిని 1980లలో జాన్ ఫెన్ తీర్చిదిద్దారు. 2002 నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు.

వేరే అణువును పట్టుకుని దాగిన దాన్ని ఆమ్లం బయటకు తెస్తుంది, అందుకు కొంత సమయం పడుతుంది. ఇంత చిన్న సంగతి ఒకప్పుడు కండరాల శాస్త్రాన్నే తలకిందులు చేసింది. ఆ పని చేసిన ఇద్దరిలో ఒకరు ఈ భీమవరంలోనే, 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన రాజమండ్రిలో, మద్రాసులో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో డాక్టరై, 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనికి కుదిరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో తేలిగ్గా, నమ్మకంగా కొలిచే పద్ధతి అప్పట్లో లేదు. ఇద్దరూ కలిసి 1925లో అలాంటి పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేట్ (ఆక్సిజన్‌తో కలిసి ఉన్న భాస్వరం) ఉన్న ద్రవానికి ఆమ్లంలో మాలిబ్డేట్ అనే లవణం కలిపి, ఆపైన ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ఎంత ఫాస్ఫేట్ ఉందో ముందే తెలిసిన ద్రవం పక్కన పెట్టి, రెండు రంగులనూ పోల్చి చూసి లెక్క కడతారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. ఇవాళ డెల్టాలో వరి రైతు మట్టి పరీక్షకు ఇస్తే భాస్వరం తేల్చేది కూడా ఈ మాలిబ్డినం నీలంతోనే, కలిపే రసాయనాలు మారినా. డీఏపీ బస్తా వెయ్యాలా వద్దా అన్న సలహా వెనక ఉన్న రసాయనం అది.

అసలు కథ 1927లో ఉంది. కండరం నుంచి తీసిన ద్రవం మీద ఇదే పరీక్ష చేసినప్పుడు రంగు రావాల్సిన వేగంతో రాలేదు. పక్కనున్న ద్రవం నీలమైపోయినా కండరం ద్రవం వెనకబడే ఉంది. కాసేపటికి మెల్లగా అందుకుంది. ఇంకెవరైనా అయితే రంగు నిలకడకు వచ్చేదాకా ఆగి, చివరి అంకె రాసుకుని వెళ్లిపోయేవాళ్లే. వీళ్లు మాత్రం రంగు ఎందుకు ఆలస్యమైందని అడిగారు. నిమిషాలు గడిచేకొద్దీ రంగు ఎలా పెరుగుతోందో కొలుస్తూ పోయారు. మొదట వచ్చిన కొద్ది రంగు మాత్రమే నిజంగా విడిగా ఉన్న ఫాస్ఫేట్‌ది. ఆలస్యంగా వచ్చినదంతా ఇంకో అణువులో బంధమై ఉండి, పరీక్షలోని ఆమ్లం, మాలిబ్డేట్ తగిలి మెల్లగా విడిపోతున్న ఫాస్ఫేట్‌ది. ఆ అణువు ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థాన్ని వేరే దారిలో పట్టుకున్నారు.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆపేది ఒక విషయం. అప్పటిదాకా పుస్తకాల్లో కండరంలోని విడి ఫాస్ఫేట్ అని రాసుకున్న దాంట్లో ఎక్కువ భాగం అసలు విడిగా లేనే లేదు. కొలిచే పద్ధతే దాన్ని విరగ్గొట్టి, విరిగినదాన్ని లెక్కగట్టింది. అణువులను చదవడంలో ఉన్న కష్టమంతా ఇదే. కంటికి కనపడని దాన్ని ఏదో ఒకటి చేసి కదిలించాలి, కదిలిస్తే అది మారిపోవచ్చు. తర్వాతి వందేళ్లలో వచ్చిన పద్ధతులన్నీ ఈ చిక్కును తగ్గించుకునే ప్రయత్నాలే అని నా అభిప్రాయం.

ఫలితం వెంటనే కనిపించింది. కండరం పనిచేసేది లాక్టిక్ ఆమ్లం తయారవడం వల్లేనన్న నమ్మకం అప్పట్లో గట్టిగా ఉంది. కండరాల మీద పరిశోధనకే 1922 నోబెల్ ఆర్చిబాల్డ్ హిల్‌కు, ఓటో మేయర్‌హాఫ్‌కు వెళ్లింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా విషంతో ఆపేసిన కండరం కూడా కొంతసేపు ముడుచుకుంటుందని, ఆ సమయంలో ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అని చూపారు. అంతకు ఒక ఏడాది ముందే, 1929లో, ఫిస్క్, సుబ్బారావులు ఒకవైపు, జర్మనీలో కార్ల్ లోమన్ ఇంకోవైపు ఏటీపీ అనే అణువును కనుగొన్నారు. ప్రాణమున్న ప్రతి కణం ఖర్చు పెట్టుకునే శక్తి అందులోనే ఉందని అర్థం కావడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది.

అయినా ఇదంతా కండరాన్ని కోసి, పిండి, ఆమ్లంలో వేసి చేసిన పని. కోయకుండా చూడగలమా? దారి 1946లో తెరుచుకుంది. అయస్కాంతం మధ్య పెట్టిన పదార్థంలోని పరమాణు కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందిస్తాయని ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా చూపారు. అదే ఎన్‌ఎంఆర్. కేంద్రకం చుట్టూ ఏ బంధాలున్నాయో దాన్ని బట్టి అది స్పందించే రేడియో తరంగం కొద్దిగా మారుతుంది. 1974లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఎలుక కాలి కండరాన్ని పిండకుండా, కలపకుండా, తీసినదాన్ని తీసినట్టే యంత్రంలో పెట్టి భాస్వరం సంకేతం చూసింది. ఏటీపీలోని మూడు ఫాస్ఫేట్లకు మూడు శిఖరాలు, ఫాస్ఫోక్రియాటిన్‌కు ఒకటి, విడి ఫాస్ఫేట్‌కు ఇంకొకటి, అన్నీ వేరువేరుగా కనిపించాయి. నీలం రంగు ఎంత ఆలస్యమైందో చూసి ఊహించిన తేడా, నలభై ఏడేళ్ల తర్వాత ఏ ఆమ్లమూ తగలకుండా గ్రాఫ్ మీద పక్కపక్కనే నిలబడింది.

ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఎలాంటి ఆకారంలో ఉందన్నది ఇంకో ప్రశ్న. దీనికి ఉదాహరణ కూడా సుబ్బారావు చేతి మీదుగానే వచ్చింది. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ బిళ్ల వేసుకుంటారు. దాని చెడు ప్రభావాలు తగ్గడానికి డాక్టరు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కూడా రాస్తారు. ఆ రెండు మందులూ అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపించిన పరిశోధన నుంచి వచ్చినవే. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అణువులను చేసింది. అందులో ఒకటైన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో రాశారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మెథోట్రెక్సేట్ ఎలా అడ్డుకుంటోందో తేలడానికి ఆకారం కావాలి. ప్రొటీన్‌ను స్ఫటికంగా చేసి ఎక్స్‌రేలు పంపితే, అవి చెదిరిన తీరు నుంచి పరమాణువులు ఎక్కడెక్కడున్నాయో లెక్కకట్టవచ్చు. 1958లో జాన్ కెండ్రూ కండరంలో ఉండే మయోగ్లోబిన్‌తో మొదటి ప్రొటీన్ ఆకారాన్ని చూపారు. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఒక అడుగు ముందుకేశారు. ప్రొటీన్ గొలుసులోని పరమాణువులు ఒకదానికొకటి గుద్దుకోకుండా గొలుసు ఏ కోణాల్లో మెలికలు తిరగగలదో ఒక పటంగా గీశారు. ఈనాటికీ ఎవరు కొత్త ప్రొటీన్ ఆకారం ప్రకటించినా ఆ పటం మీద సరిచూసుకోవాల్సిందే.

ఫోలిక్ యాసిడ్‌ను కణం వాడుకోవాలంటే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ (రసాయన చర్యను జరిపించే ప్రొటీన్) కావాలి. మెథోట్రెక్సేట్ దాన్నే పట్టుకుని వదలదు. ఫోలిక్ యాసిడ్‌కూ దీనికీ తేడా చాలా కొంచెం. కాబట్టి రెండూ ఎంజైమ్‌లో ఒకేలా కూర్చుంటాయని అందరూ అనుకోవడం సహజం. 1977లో శాన్ డియాగోలో జోసెఫ్ క్రాట్ బృందం మెథోట్రెక్సేట్ పట్టుకున్న ఎంజైమ్ ఆకారం ప్రచురించింది. దాని ఆధారంగా తర్వాత తేలిన విషయం ఆశ్చర్యకరం: మెథోట్రెక్సేట్ తలభాగంలోని జంట వలయం, ఫోలిక్ యాసిడ్ కూర్చునే తీరుకు తిరగబడి కూర్చుంటోంది. మంచం అదే, దుప్పటి అదే, తల పెట్టిన వైపే వేరు. బొమ్మ గీసి పక్కపక్కన పెట్టుకుంటే ఇది ఎప్పటికీ తట్టేది కాదు.

అదే 1977లో హార్వర్డ్‌లో మెకామన్, గెలిన్, కార్ప్లస్ ఇంకో పని చేశారు. 58 అమైనో ఆమ్లాలున్న ఒక చిన్న ప్రొటీన్‌లోని పరమాణువులన్నిటి మీదా పడే బలాలను కంప్యూటర్‌లో లెక్కించి, అవి క్షణక్షణానికీ ఎటు కదులుతాయో చూశారు. నడిపించగలిగింది పది పికోసెకన్ల లోపే. ఒక పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అయినా ప్రొటీన్ లోపల అంతా కదులుతూ ఉంటుందని ఆ కాస్తలోనే తెలిసింది. అంతకుముందు స్ఫటికాల బొమ్మలు చూసినవాళ్లకు ప్రొటీన్ బిగుసుకుపోయిన వస్తువులా కనిపించేది. 2013 నోబెల్ కార్ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు ఈ దారిలో చేసిన పనికే వచ్చింది. కదలికను నేరుగా చూడటం 1997లో జపాన్‌లో జరిగింది. ఏటీపీని తయారుచేసే ఎంజైమ్‌లోని ఒక భాగాన్ని గాజు మీద అతికించి, దాని ఇరుసుకు మెరిసే పోగు ఒకటి కట్టి, ఏటీపీ అందించారు. పోగు గిరగిరా తిరగడం మైక్రోస్కోపులో కనిపించింది. ఎంజైమ్ తిరుగుతుందన్న ఊహ పాల్ బాయర్‌ది, దానికి బలమిచ్చిన ఆకారం 1994లో జాన్ వాకర్ బృందానిది. 1997లోనే ఇద్దరికీ నోబెల్ దక్కింది.

గొలుసులోని అమైనో ఆమ్లాల వరుస చూసి ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ లాంటి ప్రోగ్రాములు ఇప్పుడు ఉన్నాయి. 2024 నోబెల్ వాటికీ దక్కింది. అర్హమైన గుర్తింపే. కానీ ఆకారం చేతికొస్తే సగం పని అయినట్టే అనేవాళ్లతో నేను ఏకీభవించను. మెథోట్రెక్సేట్ పట్టుకునే ఆ ఎంజైమ్‌నే తీసుకోండి. పని చేస్తున్నప్పుడు ప్రతి దశలోనూ అది మధ్యమధ్యలో తర్వాతి దశ ఆకారంలోకి క్షణకాలం మారి వస్తుంటుందని 2006లో పీటర్ రైట్ బృందం ఎన్‌ఎంఆర్‌తో చూపింది. ఆకారం ఒకటి కాదు, కొన్ని. వాటి మధ్య రాకపోకలే దాని పని.

మన చెరువుల్లోనే దీనికి ఉదాహరణ ఉంది. 1990ల మధ్యలో కోస్తా చెరువులను ఊడ్చేసిన వైట్ స్పాట్ వైరస్ పైపొర మీద వీపీ28 అనే ప్రొటీన్ ఉంటుంది. దాని ఎక్స్‌రే ఆకారాన్ని సింగపూర్ శాస్త్రవేత్తలు 2007లోనే ప్రచురించారు. అయినా చెరువులో జబ్బు దిగాక నయం చేసే మందు ఇప్పటికీ లేదు. రొయ్య కణాన్ని పట్టుకునేటప్పుడు ఆ ప్రొటీన్ ఎలా కదులుతుంది, ఏ క్రమంలో వైరస్ లోపలికి దిగుతుంది అన్నది ఆకారం ఒక్కటే చెప్పదు. పైగా రొయ్యకు మనలా యాంటీబాడీలు ఉండవు కాబట్టి మనుషులకు, పశువులకు వేసినట్టు టీకా వేస్తే సరిపోదు. అందుకే హేచరీలో తల్లి రొయ్యకూ, చెరువులో వేసే ముందు సీడ్‌కూ పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. వైరస్ డీఎన్ఏలో ఒక చిన్న తునకను కోట్ల రెట్లు పెంచి, ఉందో లేదో చూసే పరీక్ష అది. ఆ పరీక్ష దగ్గర డబ్బు మిగుల్చుకుందామనుకుంటే చెరువు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది.