కన్ను చేతిని వదలకుండా

చిరంజీవులు కావ్యకి, చరణ్‌కి,

తాతయ్య ఆశీస్సులు. ఫ్యాక్టరీలో పనివాళ్లకు కళ్ల ముందే బొమ్మలు చూపించే కంప్యూటర్ కళ్లజోడు ఎందుకని మొన్న చరణ్ అడిగాడు కదా. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

నేను బాలానగర్‌లో కరెంటు ప్యానెళ్లకు వైరింగ్ చేసేవాణ్ణి. ఎదురుగా ప్యానెల్, పక్కన బల్ల మీద డ్రాయింగు. ఓసారి డ్రాయింగులో నంబరు చూసి, మనసులో అనుకుంటూ ఇటు తిరిగేసరికి 36 కాస్తా 63 అయిపోయింది. రెండు వైర్లు తారుమారు. ఆ తప్పు పట్టుకోవడానికి రాత్రంతా పట్టింది. పని రాక జరిగింది కాదు. కన్ను చేతిని వదిలిన ఆ రెండు క్షణాల్లో జరిగింది.

విమానంలో ఇలాంటి వైర్లు వేలకొద్దీ ఉంటాయి. అమెరికాలో బోయింగ్ వాళ్లు వాటిని పెద్ద ప్లైవుడ్ బోర్డుల మీద పరిచి కట్టలు కట్టేవాళ్లు. ఏ వైరు ఏ దారిన పోవాలో బోర్డు మీదే చూపించాలి కాబట్టి, ఒక్కో రకం కట్టకు ఒక్కో బోర్డు. 1990 ప్రాంతంలో అక్కడ పనిచేసే టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్‌లకు ఓ ఆలోచన వచ్చింది. బోర్డును ఖాళీగా ఉంచి, ఆ దారిని పనివాడి కళ్ల ముందున్న అద్దంలో చూపిస్తే? దానికి పెట్టిన పేరే ఆగ్మెంటెడ్ రియాలిటీ. మీరు ఆటల్లో వినే ఆ మాట మా వైరింగ్ పని దగ్గర పుట్టిందని తెలిసినప్పుడు నాకెంత సంతోషమేసిందో!

ఇదెందుకు కష్టమో మీరే చూడండి. అమ్మకు చెప్పి, ఒక కన్ను మూసుకుని, బయట కనిపించే కొబ్బరిచెట్టును కిటికీ అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీయండి. ఇప్పుడు తల కాస్త పక్కకు జరపండి. గీత చెట్టును వదిలేస్తుంది. కళ్లజోడైతే తల ఎటు తిరిగిందో కెమెరాతో కనిపెట్టి, కదిలిన ప్రతిసారీ గీతను మళ్లీ గీయాలి. కాస్త ఆలస్యమైతే గీత పక్క వైరు మీద పడుతుంది. అప్పటి పరికరాలు బరువు, పైగా నెమ్మది. చాలా ఏళ్ల తర్వాత గూగుల్ గ్లాస్ లాంటి తేలికవి వచ్చాయి. అవి దారి గీయకపోయినా, ఏ వైరు ఎక్కడికో కంటి మూలన చూపించేవి. దాంతోనే వైరింగ్ సమయం 25 శాతం తగ్గిందని బోయింగ్ చెప్పింది.

నాకు ఒక్కటే దిగులు. ఆ కెమెరాను పనివాడికి సాయంగా కాక, అతని మీద కాపలాగా పెడితే నేను ఒప్పుకోను.

సంక్రాంతికి రండి. నా పాత క్రింపింగ్ ప్లయర్ దాచి ఉంచాను. వైరు చివర లగ్గు, అంటే వైరును బిగించడానికి తొడిగే చిన్న లోహపు ముక్క, నొక్కాక గట్టిగా లాగి చూడాలి. అది బిగిసిందో లేదో ఏ కళ్లజోడూ చెప్పదు, మీ వేళ్లకే తెలుస్తుంది.

మీ తాతయ్య