పెళ్లి వీడియోలో డోలు దెబ్బ ఎందుకు తప్పుద్ది

గుంటూరులోనో బెజవాడలోనో ఇప్పుడు ఏ పెళ్లికెళ్లినా ఫోటోగ్రాఫర్లు తీసేది వాళ్లు తీస్తారు, అది కాక ఇంట్లోవాళ్ల ఫోన్లే ఓ నాలుగు స్టేజీ చుట్టూ తిరుగుతుంటాయి, కాస్త తెలిసినవాళ్లుంటే పంతులుగారి పక్కన ఒక చిన్న రికార్డర్ కూడా పెడతారు. తర్వాత ఇవన్నీ ల్యాప్‌టాప్‌లో ఒకదాని కింద ఒకటి పేర్చి ప్లే చేస్తే గట్టిమేళం దగ్గర విషయం దొరికిపోద్ది. కర్ర డోలు మీద పడింది, సౌండ్ ఇంకా రాలేదు. లేకపోతే ఇంకా ఘోరం, సౌండ్ వచ్చేసింది, కర్ర ఇంకా గాల్లోనే ఉంది. ఇక అందరూ చేసేది ఒకటే, ఆడియోని పట్టుకుని అటూ ఇటూ లాగడం. మా ఇంట్లో పిల్లలెవరైనా "అన్నా, సింక్ అవ్వట్లేదు" అని ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఇదే, తేడా వీడియో మొదట్లో ఎంతుంది, చివర్లో ఎంతుంది?

రెండు చోట్లా ఒకే తేడా ఉంటే కంగారేం లేదు, రెండు మెషీన్లు వేరే వేరే టైములో ఆన్ చేశారు అంతే, ఒక్క చోట కలిపితే మొత్తం కలిసిపోద్ది. సినిమా షూటింగుల్లో క్లాప్ కొట్టేది అందుకే, చెక్క చెక్కకి తగిలిన ఫ్రేము (వీడియోలో వరసగా వచ్చే ఒక్కో బొమ్మే ఫ్రేము), ఆడియోలో నిటారుగా లేచిన గీత, రెండూ ఒకే క్షణం. పెళ్లిలో ఆ పని డోలు చేసిపెడుద్ది. డోలు కూడా లేదు, మాటలే ఉన్నాయి అనుకోండి, అప్పుడు పెదవులు మూసుకునే అక్షరాలు పట్టుకోవాలి, ప, బ, మ. అందులోనూ ఒత్తున్న ప్ప దొరికితే మన అదృష్టం. "చెప్పు" అనే మాట జూమ్ చేసి చూడండి, "చె" అయిపోగానే వేవ్‌ఫామ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో కనపడే ఆ సౌండ్ గీత, చదునుగా పడుకుంటుంది, పెదవులు గట్టిగా మూసుకుని ఉంటాయి, కొన్ని ఫ్రేముల పాటు అట్లాగే ఉండి, పెదవులు విడిన ఫ్రేములో గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. చెప్పు, తప్పు, అప్పుడు, ఒప్పుకో, మన మాటల్లో ఇవి అడుగడుక్కీ వస్తాయి, నిమిషం మాటల్లో ఒకటైనా దొరక్కుండా పోదు.

చివర్లో తేడా పెరుగుతూ పోతే మాత్రం ఎంత లాగినా లాభం లేదు, మొదలు కలిస్తే చివర తప్పుద్ది, చివర కలిస్తే మొదలు తప్పుద్ది. ఎందుకంటే ఫోనుకీ రికార్డరుకీ టైము వేరువేరుగా నడుస్తుంది. రెండింటిలోనూ ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం కంపిస్తూ ఉంటుంది, దాన్ని బట్టే సెకనుకి 48,000 సార్లు సౌండ్‌ని కొలుస్తాయి, కానీ ఏ రెండు స్ఫటికాలూ అచ్చం ఒకేలా కంపించవు, వేడికి కూడా కొంచెం మారతాయి. రెండింటి మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకోండి, వినడానికి ఏమీ లేదనిపిస్తుంది, గంటకి 72 మిల్లీసెకన్లు అవుద్ది. ఫోను వీడియో సెకనుకి 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు, అంటే తలంబ్రాల టైముకి రెండు ఫ్రేములు జారిపోయినట్టే. దీనికి మందు ఆడియో స్పీడుని ఆ కొంచెమే మార్చడం. అసలు ఆడియో ఎంత పొడవుండాలో, ఎంత ఉందో లెక్కేసి శాతం పెట్టేస్తే సరి. గొంతు మారిపోద్దేమో అని భయపడక్కర్లేదు, సంగీతంలో ఒక స్వరస్థానానికీ పక్కదానికీ తేడా దాదాపు 6 శాతం, మనం మార్చేది అందులో వందో వంతు కూడా ఉండదు.

గంటకి కరెక్టుగా 3.6 సెకన్లు తేడా వస్తే అది స్ఫటికం పని కాదు, ఫ్రేముల వేగం ఒక చోట 30 అని, ఇంకో చోట 29.97 అని సెట్టింగ్ ఉంది, అమెరికా కలర్ టీవీ లెక్క ఇప్పటికీ మన సాఫ్ట్‌వేర్లలో కూర్చుని ఉంది. గొంతు సన్నబడి గంట ఆడియో 55 నిమిషాలకే అయిపోతే సెకనుకి 44,100 సార్లు కొలిచిన ఆడియోని 48,000 అనుకుని నడిపిస్తున్నారన్న మాట. ఇవి రెండూ సెట్టింగ్ మారిస్తే పోతాయి.

అన్నిటికంటే విసిగించేది మూడో రకం. తేడా నున్నగా పెరగదు, గెంతుతుంది, పది నిమిషాలు బానే ఉండి ఉన్నట్టుండి తప్పుద్ది. ఫోన్లలో దీనికి కారణం వెలుతురు. మండపంలో లైట్లు తగ్గించారనుకోండి, ఒక్కో ఫ్రేముకి ఎక్కువ వెలుతురు కావాలని ఫోను తనే ఫ్రేముల వేగం తగ్గించేస్తుంది, 30 కాస్తా 24 అవుద్ది, మళ్లీ లైట్లు వేస్తే మళ్లీ 30. ఆడియో మాత్రం ఎప్పట్లాగే నడుస్తుంది. ఫోనులో చూస్తే ఏ తేడా తెలీదు, ప్రతి ఫ్రేము మీదా టైము రాసి ఉంటుంది కాబట్టి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు ఆ టైము పట్టించుకోకుండా అన్నీ సమానమే అనుకుని పేర్చేస్తుంది, అక్కడ మొదలవుద్ది గోల. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ఫ్రేముల వేగం స్థిరమా మారుతోందా అని కనపడుద్ది, మారుతుంటే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందే స్థిరంగా మార్చుకుని అప్పుడు ఎడిట్ మొదలుపెట్టండి, ఈ ఒక్క పని చేస్తే సగం తలనొప్పి పోద్ది.

పాత వీహెచ్ఎస్ పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడూ ఇదే గెంతుడు. టేపు నలిగిన చోట సిగ్నల్ పాడై క్యాప్చర్‌లో ఫ్రేములు జారిపోతాయి, ఆడియో జారదు. మన టేపులు సెకనుకి 25 ఫ్రేములు, 25 జారితే బొమ్మ ఒక సెకను పొట్టిదైపోద్ది. దీన్ని స్పీడు మార్చి బాగుచేయలేం, జారిన చోటల్లా కోసి విడివిడిగా కలపాల్సిందే, ఓపిక కావాలి, కానీ పోయిన నాయనమ్మ గొంతు ఆ ఒక్క టేపులోనే ఉన్న ఇళ్లు ఎన్నో, ఆ గొంతు ఆవిడ పెదవుల మీదికి రావడానికి ఎంత ఓపికైనా పెట్టొచ్చు.

ఇంతకీ ఎంత తేడా దాకా కన్ను ఊరుకుంటుంది? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో టీవీ ప్రసారాల కోసం ఇచ్చిన సిఫారసులో ఈ లెక్క ఉంది. సౌండ్ ముందు వస్తే దాదాపు 45 మిల్లీసెకన్లకే పట్టేస్తాం, వెనక వస్తే 125 దాకా తెలీదు. ఈ పక్షపాతం నాకు చాలా సహజం అనిపిస్తుంది, ఎందుకంటే బయట ప్రపంచంలో సౌండ్ ఎప్పుడూ వెనకే వస్తుంది, ముందు రావడమనేదే లేదు. వెలుతురు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతే, మన ఎండలకి గాలి 30 డిగ్రీలున్నప్పుడు సౌండ్ పోయేది 350 మీటర్లు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, ఈ చివర ఓ టపాకాయ పేలితే ఆ చివర మూడున్నర సెకన్ల తర్వాత వినపడాలి. దసరాకి కృష్ణలో తెప్పోత్సవం తీసినవాళ్లు బాణసంచా వెలుగుకీ సౌండ్‌కీ తేడా ఉందని దిద్దబోతారు, దయచేసి దిద్దొద్దు, నది ఎంత వెడల్పో చెప్పేది ఆ ఆలస్యమే.

పెళ్లి హాల్లో మాత్రం ఈ దూరం లెక్క పనికొస్తుంది. ఒక ఫ్రేము టైములో సౌండ్ దాదాపు 12 మీటర్లు పోద్ది. వెనక వరసలో 24 మీటర్ల దూరాన నిలబడి జూమ్ చేసి తీసిన వీడియోలో దాని సొంత సౌండే రెండు ఫ్రేములు ఆలస్యం. ఇప్పుడు డావిన్సీ రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో వేవ్‌ఫామ్ చూసి ఆటోమేటిగ్గా కలిపే బటన్ ఉంది కదా, అది ఏం చేస్తుందంటే, రెండు సౌండ్ల గీతల్ని ట్రేసింగ్ పేపర్ మీద గీసి ఒకదాని మీద ఒకటి జరుపుతూ ఎక్కడ బాగా అతికాయో వెతికినట్టు వెతుకుద్ది. బానే పట్టుద్ది, కానీ అది పోల్చేది రికార్డర్ సౌండ్‌ని ఫోను సౌండ్‌తో, బొమ్మతో కాదు. ఫోనుకి ఆలస్యంగా చేరిన సౌండ్‌తో అతికింది కాబట్టి రికార్డర్ సౌండ్ కూడా రెండు ఫ్రేములు వెనకే కూర్చుంటుంది. పంతులుగారి మొహం క్లోజప్‌లో ఉండి మంత్రం దూరం నుంచి వచ్చినట్టుంటే కారణం ఇదే, బటన్ నొక్కాక ఆ రెండు ఫ్రేములు ముందుకి, అంటే సౌండ్ ఇంకా త్వరగా వచ్చేట్టు, మన చేత్తో జరపాలి. ముందుకి మరీ ఎక్కువ జరిపితే కన్ను వెంటనే పట్టేస్తుందని పైనే చూశాం, అనుమానంగా ఉంటే ఒక ఫ్రేము వెనకే ఉంచడం మంచిది.

ఇదంతా చేసేటప్పుడు చెవిలో బ్లూటూత్ వద్దు, చాలా వాటిలో సౌండ్ వందకి పైగా మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుద్ది, ఆ ఆలస్యాన్ని చూసి మీరు బానే ఉన్న ఆడియోని ముందుకి జరిపేస్తారు. వైరున్నది పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఉండి హాల్లో పెద్ద టీవీలో తప్పుతోందంటే ఎడిట్‌లో పేర్చిన ఆడియోని ముట్టుకోవద్దు, టీవీ బొమ్మని మెరుగుపెట్టడానికి కొంత టైము తీసుకుంటుంది, సౌండ్ విడిగా స్పీకర్లకి ముందే వెళ్లిపోద్ది. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో ఏవీ సింక్ అనో ఆడియో డిలే అనో ఉంటుంది, అక్కడ కొంచెం కొంచెం పెంచుతూ డోలు మీద కర్ర పడే సీనే పదే పదే వేసి చూసుకోండి.