టీకొట్టు దగ్గర ఫైటర్ జెట్ కబుర్లు: ఏవి అపోహలు, ఏవి వాస్తవాలు

ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ట్రేడ్‌లో చేసి రిటైరయ్యానండి, ఇప్పుడు అమలాపురం పక్కన కొబ్బరితోట చూసుకుంటున్నా. పొద్దున్నే టీకొట్టుకెళ్తే చాలు, "ఏం మావయ్యా, రఫేల్ అసలు రాడార్‌కే దొరకదంట కదా" అని మొదలెడతారు కుర్రాళ్ళు. నాలుగు వీడియోలు చూసొచ్చి నాకే పాఠం చెప్తున్నారు, అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నా.

అపోహ: పైలట్ కండబలంతో స్టిక్ (విమానాన్ని తిప్పే కర్ర) లాగి విమానాన్ని అదుపులో పెడతాడు.

వాస్తవం: ఆయన అడుగుతాడంతే, రెక్కలకుండే కదిలే పలకల్ని కదిపేది కంప్యూటర్. చిన్నప్పుడు ఈనెల చీపురు తలకిందులుగా అరచేతిలో నిలబెట్టి ఆడుకున్నారా? చెయ్యి ఒక్క క్షణం ఆగితే పడిపోద్ది. అదే చీపుర్ని మేకుకి తగిలిస్తే ఎంత ఊపినా మళ్ళీ నిలువుకే వచ్చేస్తది. ప్యాసింజర్ విమానం మేకుకి తగిలించిన చీపురు లాంటిది, మన ఫైటర్ తేజస్ అరచేతిలో చీపురు, కావాలనే అలా డిజైన్ చేశారు, ఎందుకంటే ఎటైనా పడిపోదామని చూసేదే గబుక్కున తిరగ్గలదు. పడకుండా కంప్యూటర్ సెకనుకి పదులసార్లు సర్దుతూనే ఉంటది. దీన్నే ఫ్లై-బై-వైర్ అంటారు. స్టిక్‌కీ రెక్కకీ మధ్య రాడ్డు గానీ కేబుల్ గానీ ఉండదు, అంతా కరెంటు సిగ్నలే. మరి కంప్యూటర్ చెడిపోతే? తేజస్‌లో నాలుగు ఛానెళ్ళుంటాయి, అంటే అదే లెక్క విడివిడిగా వేసే నాలుగు దారులు, ఊరి పెద్దలు నలుగురు కూర్చున్నట్టు, ఒకటి తేడాగా చెప్తే మిగతావి దాన్ని పక్కన పెట్టేస్తాయి.

అమెరికా ఫైటర్ ఎఫ్-16లో అయితే మొదట్లో స్టిక్ అసలు కదిలేదే కాదు, చేతి ఒత్తిడినే కొలిచేది. పైలట్లకి ఏదోలా ఉందన్నారని తర్వాత కాస్త కదిలేలా మార్చారు. నాకైతే ఈ ముక్క భలే నచ్చుద్ది, ఎంత టెక్నాలజీ పెట్టినా మనిషి చేతికి ఒప్పాలి కదండీ.

ఇంకోటి, కాక్‌పిట్ నిండా వందలకొద్దీ డయల్స్, స్విచ్చులు ఉంటాయనుకుంటారు. పాత మిగ్-21లో గుండ్రటి డయల్స్ నిజమే. ఇప్పుడు వాటి జాగాలో స్క్రీన్లు వచ్చాయి, ముఖ్యమైన బటన్లన్నీ స్టిక్ మీద, థ్రాటిల్ (ఇంజిన్ జోరు పెంచే పిడి) మీద ఉంటాయి, చెయ్యి తీయక్కర్లేదు. ఎదురుగా హెచ్‌యూడీ (హెడ్-అప్ డిస్‌ప్లే) గాజు, అందులో స్పీడు, ఎత్తు ఆకుపచ్చ అక్షరాల్లో కనపడతాయి. అసలు తెలివి ఎక్కడుందంటే, ఆ అక్షరాలు గాజు మీద కాదు, ఎక్కడో దూరంగా ఆకాశంలో ఉన్నట్టు కనపడేలా లెన్సులు పెడతారు, అందుకని బయటికి చూస్తున్న కన్ను మళ్ళీ దగ్గరికి ఫోకస్ మార్చుకోక్కర్లేదు. ఎఫ్-35లో ఆ గాజు కూడా తీసేసి మొత్తం హెల్మెట్‌లోకే ఎక్కించారు.

స్టెల్త్ అంటే మాయమైపోవడం కాదు. రాడార్‌కి తిరిగెళ్ళే ప్రతిధ్వని తగ్గించి, శత్రువు కంటపడే దూరాన్ని తగ్గించడం. రఫేల్‌లో ఆ జాగ్రత్త కొంత ఉంది గానీ మిసైళ్ళు రెక్కల కింద వేలాడుతుంటే, వాటిని పొట్టలో దాచుకోగల ఎఫ్-35తో పోల్చకండి బాబూ.

ఎప్పుడూ ధ్వనికంటే వేగంగానే పోతాయా? లేదండి. ధ్వనిని దాటాలంటే మామూలుగా ఆఫ్టర్‌బర్నర్ వెయ్యాలి, అంటే ఇంజిన్ వెనక గొట్టంలో అదనంగా ఇంధనం మండించాలి, అది వేస్తే ఇంధనం సుమారు మూడింతలు తాగేస్తది.

చివరిది, పైలట్ పారాచూట్ కట్టుకుని దూకేస్తాడంటారు. దూకడం కాదు, హ్యాండిల్ లాగితే రాకెట్ అమర్చిన సీటే మనిషిని బయటికి విసిరేస్తది. జీరో-జీరో సీటు అంటే విమానం రన్‌వే మీద ఆగి ఉన్నా ప్రాణం కాపాడగలదు. ఆ దెబ్బకి వెన్నుపూసలు నలిగిన వాళ్ళూ ఉన్నారు. అందుకే కాక్‌పిట్‌లో రిపేరుకి దిగే ముందు మేం మొదట చూసేది స్క్రీన్లు కాదు, ఎర్ర రిబ్బన్ల సేఫ్టీ పిన్నులు సీటుకి ఉన్నాయా లేదా అని. ఎన్నేళ్ళ సర్వీసున్నా సరే, పిన్ను కంటితో చూసి, చేత్తో తడిమాకే లోపలికి కాలు.