తీరానికి ఇవతల రాయల్టీ, అవతల విన్నపం: గోదావరి గ్యాస్ వెనుక రాజ్యాంగం

కోనసీమలో గ్యాస్ లీకయినప్పుడల్లా రెండు ప్రశ్నలు లేస్తాయి. మా నేల కింది గ్యాస్ పట్టుకెళ్తున్నారు, మాకేమిస్తున్నారు? అడగాలంటే ఎవర్నడగాలి? రెండో ప్రశ్నకు జవాబు బావి తవ్వకముందే, కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పడిపోయింది.

1935 భారత ప్రభుత్వ చట్టంలో గనులు, చమురు క్షేత్రాలు ఒకే గాటన ఉండేవి. ప్రజాప్రయోజనం కోసం అవసరమని కేంద్ర చట్టం ఎంత మేరకు ప్రకటిస్తే అంత మేరకే పైవాళ్లవి, మిగతాది రాష్ట్రాలది. రాజ్యాంగం ఈ రెంటినీ విడదీసింది. గనులకు పాత షరతు కేంద్ర జాబితా 54వ అంశంలో నిలిచింది. చమురు మాత్రం ఏ షరతూ లేకుండా 53వ అంశమై కేంద్రానికి వెళ్లింది.

సముద్రం సంగతి 297వ అధికరణ తేల్చింది: దేశ జలాల కింద ఉన్నది కేంద్రానిదే. తీరమున్న సంస్థానాలు యూనియన్‌లో కలిశాక కూడా నీటి కింద ఉన్నది తమదేనని పేచీ పెట్టొచ్చని రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పారు. గురి సంస్థానాల మీద. తగిలింది తీరప్రాంత రాష్ట్రాలన్నిటికీ. 1963, 1976 సవరణలతో ఆ హక్కు లోతు సముద్రం దాకా పాకింది.

ఓఎన్‌జీసీ నరసాపురంలో బావి తవ్వింది 1978లో. అప్పటి 1959 నిబంధనల ప్రకారం నేల మీది బావికి లీజు ఇచ్చేది రాష్ట్రమే, కానీ కేంద్రం ముందుగా సరేననాల్సి ఉండేది. తీసిన గ్యాస్‌కు కట్టే సొమ్ము, అంటే రాయల్టీ, రాష్ట్ర ఖజానాకు వస్తుంది. సముద్రంలో బావికి లీజూ కేంద్రానిదే, రాయల్టీ కూడా. ఈ రెంటినీ విడదీసే తీరమేమో అంతర్వేది, ఉప్పాడ దగ్గర కోతకు గురై జరిగిపోతూనే ఉంది!

ఆ తేడా 2009లో బాగా తెలిసొచ్చింది. సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం గ్యాస్ కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరి, అక్కణ్నుంచి పైపులైనులో గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లింది. ఎవరికెంతో తేల్చింది కేంద్ర మంత్రుల సాధికార బృందం. ముందు వరుసలో ఎరువుల కర్మాగారాలను నిలబెట్టింది. మా వాటా మాకివ్వండని రాజశేఖరరెడ్డి ప్రభుత్వం గట్టిగానే అడిగింది. అడగడం వరకే, హక్కు లేదు. తర్వాత డీ6 ఉత్పత్తి పడిపోయి, గోదావరి గట్టునే ఉన్న వేమగిరి విద్యుత్ కేంద్రం గ్యాస్ లేక మూతపడింది.

గుజరాత్ ఈ తలుపు ముందే తట్టి చూసింది. రాష్ట్ర జాబితా 25వ అంశంలో 'గ్యాస్, గ్యాస్ వర్క్స్' అని ఉందిగదా అని 2001లో సొంత చట్టం చేసుకుంది. అది తయారుచేసే గ్యాస్ గురించి, భూమిలో దొరికే సహజవాయువు 53వ అంశం కిందికే వస్తుందని 2004లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది.

రైతుకు ఇదంతా పైపులైను దగ్గర తగులుతుంది. భూమి రాష్ట్ర జాబితాలోది. గొట్టం వేసే హక్కు మాత్రం 1962 నాటి కేంద్ర చట్టం కింద తీసుకుంటారు. పట్టా రైతు పేరునే ఉంటుంది. గొట్టం పోయే ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి తోటలో చెట్టు నాటొద్దంటే ఇంకేం మిగిలినట్టు? పాశర్లపూడి బావి 1995లో 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గెయిల్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. బావి, పైపు కేంద్ర సంస్థలవి. ఊళ్లు ఖాళీ చేయించడం, అన్నం పెట్టడం కలెక్టరుది, తహసీల్దారుది.

ఖనిజ హక్కులపై రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చని, రాయల్టీ పన్ను కాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1తో చెప్పగానే ఇక్కడా ఆశలు లేచాయి. అయితే ఆ కేసు నడిచింది 1957 గనుల చట్టం మీద. గ్యాస్ రాయల్టీ 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం కిందిది. దానిమీద పన్ను వేయాలంటే రాష్ట్రం మళ్లీ కోర్టు మెట్లెక్కడానికి సిద్ధపడాలి.